ఈసారి సూది లేదు

"నేను దిగ!"

భవిత బస్సులో కడ్డీని రెండు చేతులా కావలించుకుంది. మేడ్చల్ వచ్చేసింది. దిగేవాళ్లంతా దిగిపోయారు. పరమేష్ కూతురి వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. ఒకటి విడిపిస్తే ఇంకొకటి బిగుసుకుంటోంది.

"సూది లేదు బిడ్డా. ఒట్టు."

"కిందటిసారి గూడ ఒట్టన్నవ్. షామీర్‌పేట చెరువు సూపిస్త అని తోల్కొచ్చి సూది ఏపిచ్చినవ్."

"గప్పుడు అబద్ధం జెప్పిన. ఇప్పుడు నిజం."

"గప్పుడు గూడ నిజమనే అన్నవ్."

కండక్టర్‌కు విసుగొచ్చింది. "అన్నా, దింపుతవా? లేకుంటే ఇద్దరికీ తూప్రాన్ దాకా టికెట్ కొట్టాల్నా?"

బస్సులో నవ్వులు లేచాయి. పరమేష్ నవ్వలేదు. పిల్లను భుజాన వేసుకుని దిగాడు. పిల్లల డాక్టరమ్మ గుమ్మం దాకా చెవి పక్కన ఏడుపు ఆగలేదు.

తప్పు పిల్లది కాదు. టీకాకు తెచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తెచ్చాడు. చెరువన్నాడు, జాతరన్నాడు, ఐస్‌ఫ్రూట్ అన్నాడు. సూది దిగేటప్పుడు కదలకుండా చేతులు పట్టుకున్నదీ తనే. అబద్ధంతో పని తొందరగా అవుతుంది. నిజానికి ఓపిక కావాలి. పసిపిల్లకు ఏం గుర్తుంటుందిలే అనుకున్నాడు. అన్నీ గుర్తున్నాయి.

లోపల బెంచీ మీద చంకపిల్లలతో తల్లులు. చివర ఒక జంట. వాళ్ల ఒళ్లో ఎవరూ లేరు. ఆయనది ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఆమెది జరీ అంచు చీర.

"కృష్ణారావు గారూ, కాస్త జరగండి" అన్నాడు కాంపౌండర్. ఆయన ఉలిక్కిపడి జరిగాడు. పరమేష్ ఆయన మొహం చూడకుండా పక్కన కూర్చున్నాడు.

ఆయన భార్య సంచిలోంచి బిస్కెట్ తీసి, "తింటావా అమ్మా?" అంది. మాటలో గోదావరి యాస.

భవిత తండ్రి చొక్కాలో మొహం దాచుకుంది. కాసేపటికి చెవిలో అడిగింది. "నాయినా, ఆంటీ వాళ్ల పాపేది?"

"ఊకో."

"పాప లేకుండ ఈడికెందుకొచ్చిండ్రు? సూది ఆంటీకేనా?"

"పాప వస్తది. నువ్వు ఊకో అంటున్ననా!"

చెవిలో అనుకున్నా ఆ మాట గది మొత్తానికీ వినపడింది. ఆమె బిస్కెట్‌ను మళ్లీ సంచిలో పెట్టుకుంది.

పిలుపు వచ్చింది. డాక్టరమ్మ భవితను బల్ల మీద కూర్చోబెట్టింది. కనురెప్పలు లాగి చూసింది. నాలుక చాపించింది. పళ్లు చూసింది. గుండె మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. అంగట్లో దూడను కూడా ఇంత నిదానంగా చూడరు అనుకున్నాడు పరమేష్.

కాలు చూడబోయి ఆగిపోయింది. "ఈ మచ్చేమిటి?"

"గంజి పడ్డది మేడమ్. ఆకలైతే తనే అన్నం వంచవోయింది. నేను డ్యూటీల ఉన్న."

"ఎక్కడ?"

"దూలపల్లి కంపెనీల. రాత్రి డ్యూటీ."

"మరి రాత్రిళ్లు ఈ పిల్ల దగ్గర ఎవరుంటారు?"

"దీని తల్లి పోయినంక..." పరమేష్ గౌను కిందికి లాగి మచ్చ కప్పాడు. "తాళం ఉంటది మేడమ్."

డాక్టరమ్మ గొట్టం తీసి మెడలో వేసుకుంది.

నర్సు సూదుల పళ్లెంతో లోపలికి వచ్చింది. భవిత తండ్రి బొటనవేలు పట్టుకుంది. గోళ్లు దిగాయి. పరమేష్ వేలు లాక్కోలేదు. పళ్లెం వాళ్లను దాటుకుని అవతలి గదికి వెళ్లింది. అక్కడ ఇంకెవరో పిల్లాడు గుక్కపెట్టాడు.

"అయిపోయింది, దిగు బంగారం" అంది డాక్టరమ్మ.

"సూది?"

"నీకన్నీ ఎప్పుడో వేయించేశాడు మీ నాన్న. ఇవాళ ఉత్తగా చూడ్డమే."

భవిత నమ్మలేదు. ఒక జబ్బ చూసుకుంది, రెండోది చూసుకుంది. నొప్పి కోసం వెతికినట్టు చేత్తో తడుముకుంది. అప్పుడు మొహం విచ్చుకుంది. పొద్దుటి నుంచి పరమేష్ చూడని నవ్వు అది. ఇంకాసేపు ఏడ్చినా బాగుండేదనిపించింది అతనికి.

"నాయినా! నిజంగనే సూది లేదు!"

"చెప్పిన గదా."

"నువ్వు మంచోనివి." మెడ చుట్టూ చేతులు వేసి చెంపకు చెంప ఆనించింది. "ఇగ నువ్వేం జెప్పినా నమ్ముత. ఒట్టు గూడ పెట్టనక్కర్లే."

పరమేష్ పిల్ల జుట్టులో ఊడిపోయిన రిబ్బను ముడి వేయబోయాడు. తల్లి వేసే పువ్వు ముడి అతనికి ఎన్నడూ కుదరలేదు. ఇప్పుడూ కుదరలేదు. మామూలు ముడే బిగించి వదిలేశాడు.

డాక్టరమ్మ తలుపు తెరిచింది. బెంచీ చివరి జంట ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"పాప ఆరోగ్యంగా ఉంది కృష్ణారావు గారూ" అంది డాక్టరమ్మ, పరమేష్ వైపు చూడకుండా. "మీతోపాటు కాకినాడ తీసుకెళ్లొచ్చు."

కృష్ణారావు భార్య రెండు చేతులూ చాపింది. భవిత ఆ చేతుల్ని చూసి, తండ్రి మొహంలోకి చూసింది.

పరమేష్ కూతురిని కిందికి దించాడు.

"ఆంటీతోని కార్ల పో బిడ్డా. నేను ఎన్క బస్సుల వస్త."