దిగే జాకీ

"జాకీకి నూనె కారుతుంది. ఆసరకు చెక్కమొద్దులు పెట్టకుండ లారీ కిందికి దూరకు," అంది ఐలమ్మ కోపంగా.

తెలంగాణ వేరుపడిన ఏడాది అది. పత్తి లారీ జివతి ఘాట్‌ రోడ్డులో చెడిపోయి ఆగిందని ఆమె భర్త పోశం అప్పటికే మండిపడుతున్నాడు.

"నాకు నేర్పుతున్నవా? జాకీ గట్టిగనే ఉన్నది," అని కసిరాడు.

ఐలమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, అతనికంటే ముందే లారీ కిందికి దూరింది.

"గట్టిగుంటే భయమేంది? ఏ నట్టు విప్పాల్నో చెప్పు, నేనే విప్పుత."

"బయటికి రా. అది దిగుతది, ఐలూ."

తన నోట వచ్చిన మాట తనకే వినబడి పోశం ఆగిపోయాడు.

"దిగుతదని ఎరికేనా నీకు?" ఆమె గొంతులో కోపం ఇంకా చల్లారలేదు.

పోశం ఆమె చెయ్యి పట్టి బయటికి లాగి, లారీలోంచి మొద్దులు దించసాగాడు.