శనిని పట్టే గాజులు

ఏలినాటి శని పిలవకుండానే ఇంటికొస్తాడు. అశోక్ సారుకు మాత్రం, పిలిచినా రాలేదు.

పోయిన నెల ఆదోనిలో తాను సైన్సు చెప్పే బడి ఆవరణలో ఊరిజనాన్ని నిలబెట్టి, కొత్తగా వచ్చిన టెలిస్కోపులో శనిగ్రహం చూపించబోయాడు. గంటన్నర అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఎర్రగా ఏదో తగిలింది. "ఇదే!" అన్నాడు. డెబ్బై మంది వరసగా చూసి దండం పెట్టుకున్నారు. డెబ్బై ఒకటోవాడు కరెంటు పని చేసే దుర్గప్ప.

"సార్, ఇది సెల్ టవర్ లైటు. నేనే బిగించినా."

ఆ రోజు నుంచి అశోక్ పేరు టవర్ సారు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం పైఅధికారి వస్తున్నాడు. హెడ్‌మాస్టర్ వెంకోబారావు తేల్చేశారు. "ఈసారీ టవరే చూపించావనుకో, టెలిస్కోపు బీరువాలోకి, నువ్వు ఆరో తరగతి సోషల్‌లోకి."

ఎమ్మిగనూరులో మహానంది అనే నేతగాడున్నాడనీ, ఆకాశంలో దేన్నైనా గురిచూసే పరికరాలు ఇంట్లో సామాన్లతోనే చేసి యూట్యూబులో పెడతాడనీ ఎవరో చెప్పారు. ఆదివారం పొద్దున్నే అశోక్ బస్సెక్కాడు.

మహానంది మగ్గం గుంటలోంచి లేచి, చేతులు దులుపుకుని ఒక వస్తువు తెచ్చి చేతిలో పెట్టాడు. చెక్క స్కేలు. రెండు కొసల్లో నిలబెట్టిన రెండు గాజులు. ఒక్కో గాజులో అడ్డంగా, నిలువుగా కట్టిన జరీపోగులు. పక్కన పిల్లల కోణమాని, దానికి దారంతో వేలాడుతున్న ఇనప నట్టు.

"ఇంతేనా అన్నా?"

"ఇంతే సార్. ఎంత ఎత్తులో సూడాల్నో నట్టు సెప్తాది. యాడ సూడాల్నో గాజులు సెప్తాయి. ఈ పోగులు పోయి ఆ పోగుల మీద కూకున్నాయంటే, మీ చుక్క ఆడుండాల్సిందే. యాడికీ పోల్యాదు."

"అవి నా గాజులు," అంది వంటింట్లోంచి అతని భార్య శారదమ్మ. "పోయినేడు చపాతీ పీట పోయింది సార్. దాని మీద మున్నూటరవై గీతలు గీసినాడు ఈయప్ప. ఇప్పుడు చపాతీ వంకరొస్తే, ఎన్ని డిగ్రీలు వంకరొచ్చిందో గూడా సెప్తాండాడు."

"శుక్రవారం నువ్వే వచ్చి బిగించాలన్నా. నా మానం నీ చేతుల్లో ఉంది."

"చేతుల్లో కాదు సార్, గాజుల్లో."

"నా గాజులు యాడికి పోతే నేనూ ఆడికే," అని శారదమ్మ కూడా ప్రయాణం కట్టింది.

శుక్రవారం వెలుగుండగానే వచ్చారు. మహానంది స్కేలును టెలిస్కోపు గొట్టానికి నాడాలతో కట్టాడు. దూరంగా కొండ మీది గుడి జెండాను చూపించి, "మీరు కన్ను పెట్టి ఆ జెండాను మధ్యలోకి తెచ్చుకోండి సార్, నేను పోగులు సర్దుతా," అన్నాడు. అశోక్ కన్ను పెట్టి, జెండా మధ్యలోకి వచ్చేదాకా గొట్టం జరిపి "వచ్చింది" అన్నాడు. పోగులు కూడా జెండా మీదికి వచ్చేదాకా మహానంది గాజుల్ని వెంట్రుకవాసి జరుపుతూ పోయాడు.

ఏడయింది. చీకటి పడింది. అధికారి బజ్జీలు తిన్న చేతులు రుమాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. వెంకోబారావు అందరికంటే ముందు ఉరికి, గొట్టం అడుగున వంగి, "ఏమీ లేదే!" అన్నారు. కన్ను పెట్టాల్సింది పక్కనుండే చిన్న గొట్టంలో అని అశోక్ మెల్లగా చెవిలో చెప్పాడు.

మహానంది ఫోనులో శని దిక్కు, ఎత్తు చూసుకున్నాడు. అరవై డిగ్రీలు. నట్టు దారం అరవై మీదికి వచ్చేదాకా గొట్టం ఎత్తాడు. ఒంటికన్ను మూసి గాజుల్లోంచి గురి చూశాడు. గొట్టాన్ని వేలెడు పక్కకు తోశాడు. మరలు బిగించి వెనక్కి జరిగాడు.

"పిలవండి సార్. ఉంటాడు."

"నువ్వొకసారి చూసుకోవా అన్నా?" అశోక్ బతిమాలాడు.

"ఉంటాడు సార్."

అధికారి వంగాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ వంగాడు. అశోక్ కళ్ళ ముందు ఆరో తరగతి సోషల్ పుస్తకం తిరిగింది.

"ఉంగరముందయ్యా!" అధికారి చిన్నపిల్లాడిలా అరిచాడు. "బఠానీ గింజకు ఉంగరం తొడిగినట్టుంది!"

జనం ఎగబడ్డారు. అయినా నమ్మకం కుదరక దుర్గప్పను ముందుకు తోశారు. అతను చూశాడు, కన్ను నలుపుకున్నాడు, మళ్ళీ చూశాడు. "నేను బిగించింది కాదు," అని తీర్పు చెప్పాడు. చప్పట్లు మోగాయి.

శని జరిగిపోతున్నకొద్దీ మహానంది గాజుల్లోంచి చూసి గొట్టాన్ని సర్దుతూనే ఉన్నాడు. వరస తగ్గాక అశోక్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ చూడన్నా."

మహానంది ఆత్రంలో సరాసరి పోయి గొట్టం అడుగున వంగాడు. హెడ్‌మాస్టర్ని వెక్కిరిస్తున్నాడనుకుని అశోక్ పడీపడీ నవ్వాడు. భుజం పట్టి పక్కకు తిప్పాడు.

మహానంది కన్ను పెట్టాడు. ఇక తియ్యలేదు.

"అన్నా, ఆడేమన్నా సినిమా ఆడతాండాదా?" వెనక నుంచి ఎవరో అరిచారు. శని జరిగితే, కన్ను తియ్యకుండానే గొట్టాన్ని వేలితో నెట్టుకున్నాడు. పది నిమిషాలకు ఎప్పుడో తల ఎత్తాడు. ముక్కు చీదుకున్నాడు. పోయి నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డాడు.

అశోక్ నవ్వుతూ శారదమ్మ వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? ఇంట్లో నూర్లసార్లు చూసిందానికి అంతసేపా?"

"ఇంట్లోనా?" అంది శారదమ్మ. "మాకు టెలిస్కోపు యాడుండాది సార్!"