పసుపు కొమ్ము

"పుస్తెలు తియ్యను. తీస్తే నా మనిషికేమన్న అయితే?"

అరుణమ్మ మెడకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

నల్లగొండలో గుండె వార్డు అది. నరం మూసుకుపోయింది, వెంటనే లోపలికి తీసుకెళ్లాలన్నాడు డాక్టరు. ఒంటి మీద లోహం ఉండకూడదు. కమ్మలు తీసింది, ముక్కుపుడక తీసింది. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి ససేమిరా అంది.

"నేను బతికే ఉన్న గదనే!" తలుపు అవతలి నుంచి అరిచాడు మొగుడు శ్రీశైలం.

"ఉండాలెననే గదా నా బాధ!"

కూతురు సుచరితకు ఏడుపొక్కటే తక్కువ. మోత్కూరు నుంచి అమ్మను ప్రాణాలతో తెచ్చుకుంది. తీరా తలుపు దాకా వచ్చాక ఈ మంకుపట్టు!

వార్డులో రోగుల పనులు చూసే గోపమ్మ, అరుణమ్మ చెమట తుడుస్తూ అడిగింది.

"అక్కా, పసుపు కొమ్ము కడితే ఒప్పుకుంటవా?"

అరుణమ్మ తలూపింది.

"గీడ కొమ్ము ఏడ దొర్కుతది?" సుచరిత విసుక్కుంది.

"జర ఆగు బిడ్డా."

గోపమ్మ పక్క గదిలోకి పోయి, అంతలోనే తిరిగొచ్చింది. చేతిలో కొమ్ము కట్టిన పసుపు దారం. తనే ముడి వేసింది. అరుణమ్మ కొమ్మును కళ్లకద్దుకుంది. అప్పుడు గానీ పుస్తెలు తీసి కూతురి చేతిలో పెట్టలేదు.

గండం గడిచింది. గుండె నరంలో స్టెంట్ వేశారు. సాయంత్రానికి అరుణమ్మ చాయ్ అడిగేదాకా వచ్చింది.

పక్క మంచం బిక్షమ్మ ఊరుకుంటుందా? సుచరిత చెవి కొరికింది.

"మీ అమ్మకు తాడు కట్టినామె మెడ చూసినవా? బోసిగున్నది."

సుచరిత చూసింది. దిండు సర్దడానికి వంగిన గోపమ్మ మెడలో నూలుపోగు కూడా లేదు. ఒళ్లు భగ్గుమంది.

"మొగడు లేనిదానివి, మా అమ్మకు తాడెట్ల కడ్తవ్? జర బుద్ధి ఉండొద్దా?"

గోపమ్మ ఏదో చెప్పబోయింది. అరుణమ్మ కొమ్మును గుప్పిట్లో పట్టుకుని, భయంభయంగా ఇద్దర్నీ చూస్తోంది.

"తప్పయింది బిడ్డా" అంది గోపమ్మ.

సుచరిత అక్కడితో ఆగలేదు. ఈమె మాకొద్దని పెద్ద సిస్టరుకు చెప్పొచ్చింది. ఎందుకని సిస్టరూ అడగలేదు.

మర్నాటి నుంచి గోపమ్మ కనిపించలేదు.

ఇంటికి పంపేరోజు అరుణమ్మ మంచం దిగనంది.

"నాకు కొమ్ము కట్టినామె ఏదే? ఒక్కపాలి చూసి పోత."

అమ్మ మాట తీసెయ్యలేక సుచరిత వెళ్లి, గోపమ్మతో కలిసి పనిచేసే సంధ్యను అడిగింది.

"దేవరకొండ దవాఖానకు పంపిన్రు. పొద్దుగాలనే ఇద్దరు మూటాముల్లె సదురుకొని బస్సెక్కిన్రు."

"ఇద్దరా?"

"ఆమె, ఆమె మొగడు."

వెళ్లబోతున్న సంధ్యను చెయ్యి పట్టుకుని ఆపింది సుచరిత.

"మరి ఆ దినం మెడల ఏం లేదు గదా?"

సంధ్య ఆమెను ఎగాదిగా చూసింది.

"డ్యూటీకొచ్చేటప్పుడు పనికి అడ్డమని పుస్తెలు ఇంట్ల పెట్టి, కొమ్ము కట్టుకొని వస్తది. ఆ దినం నా ముందలనే తన మెడలది విప్పి మీ అమ్మకు తెచ్చింది."