మంచుకిచ్చిన పేరు

దగ్గరికి జరుగు తల్లీ, ఆ దుప్పటి కాళ్ళమీదకి లాక్కో. ఇది చలి కథ.

ఎనభై ఒకటో సంవత్సరం, అమెరికాలో పార్సిప్పనీ అనే ఊరు. నిండు చూలాలు వసుమతి, మొగుడు టేబుల్ మీద పరిచిన మ్యాప్‌కి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"ఆ పేరు కొట్టించెయ్యండి."

జగన్మోహన్‌ది మ్యాపులు గీసే ఉద్యోగం. ఆ వేసవిలో సర్వేకని గ్రీన్‌లాండ్ పైకొస దాటి వెళితే, సముద్రంలో ఎవరూ చూడని గులకరాళ్ళ దిబ్బ ఒకటి కనబడింది. మన వాకిలంత కూడా లేదు. ముందు చూసింది అతనే గనక పేరు నువ్వే పెట్టమన్నారు. కిందటేడు జ్వరంతో పోయిన కూతురి పేరు పెట్టాడు, ఉష అని.

"ఎప్పటికీ మ్యాప్‌లో ఉంటుంది వసూ. సంతోషించవేం?"

"పోయినవాళ్ళ పేరు పిల్లలకెందుకు పెట్టుకుంటాం? మళ్ళీ మనింటికే రావాలని. ఈసారీ ఆడపిల్లే, అదే పేరు అనుకున్నా. మీరు తీసుకెళ్ళి ఆ మంచుకిచ్చారు. ఇంక అది అక్కడికే పోతుంది. గోరువెచ్చటి నీళ్ళకే వణికే పిల్ల."

"ఇంత చదువుకున్నవాడి పెళ్ళాం మాట్లాడే మాటలేనా?"

"చదివింది మీరు. మోసింది నేను."

"ఆఫీస్‌లో ఫైల్ చేసేశాను. ఇప్పుడు తీసెయ్యమంటే నవ్వుతారు."

"నవ్వనీండి."

అతను తీయించలేదు. ఆనాటి నించీ కడుపులో కదలిక తగ్గిపోయింది. డాక్టర్ అంతా నార్మలే అన్నాడు. పొట్ట మీద చెయ్యేస్తే మాత్రం చల్లగా తగిలేది. ఆగస్టు ఉక్కలో శాలువా కప్పుకుని, పొట్టతో మాట్లాడుకునేది పిచ్చిది. "అటు పోకమ్మా. ఇటు రా."

నెలాఖరున ఆడపిల్లే పుట్టింది. నీలంగా ఉంది, ఏడుపు లేదు. నర్సు వీపు రుద్దుతోంది, రుద్దుతోంది. ఇటివ్వమని లాక్కుంది వసుమతి. చెవిలో నోరు పెట్టి "ఉషా" అని పిలిచింది.

పిల్ల కెవ్వుమంది.

జగన్మోహన్ శుభవార్త చెబుదామని ఆఫీస్‌కి ఫోన్ చేసి, మొహం పాలిపోయి తిరిగొచ్చాడు.

"ఏమైందండీ?"

"మన దీవిని ఫొటో తియ్యడానికి ఇందాకే విమానం వెళ్ళింది వసూ. ఎంత తిరిగినా నీళ్ళే తప్ప అక్కడేం లేదట."

గుర్తుంచుకో తల్లీ, రేపు నీ పిల్లలకీ చెప్పాలి. ఉషా ఆంటీ వచ్చి నీ బుగ్గలు పట్టుకున్నప్పుడు మాత్రం, చేతులు చల్లగా ఉన్నాయని అనకు.