ఆల్చిప్పల కుప్ప

ఒడ్డు మీదికి లాగిన ఇంజన్ పడవ కింద పడుకొని పరమేష్ రెండు రోజులు ఉలితో గీకాడు. పంకాకూ, దాన్ని తిప్పే ఇనుప కడ్డీకీ ఆల్చిప్పలు, సున్నపు పెచ్చులు రాయిలా పట్టేశాయి.

మూడో రోజు పొద్దున అతని భార్య శోభ పడవ నడపడానికి కూర్చుంది. కృష్ణా నది అవతలి ఒడ్డుకు మిరపకాయలు ఏరడానికి పోయే పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఎక్కారు.

"జర ఆగు. ఖాళీ పడవ ఒక్క చుట్టు తిప్పి చూస్త," అన్నాడు పరమేష్.

"ఆల్శమైతే అవుతలి ఆసామి లొల్లి పెడ్తడు. నువ్వు చేసినంక ఇగ చూసేదేముంది?" అని నవ్వి ఆమె ఇంజన్ స్టార్టు చేసింది.

పడవ జోరుగా సాగిపోయింది. పరమేష్ మురిసిపోయి, గీకిన పెచ్చులను పారతో ఎత్తసాగాడు. వాటిలో ఒకటి కడియంలా గుండ్రంగా ఉంది. దాని లోపలివైపు నల్లటి రబ్బరు ముక్కలు అతుక్కుని ఉన్నాయి.

అతను రబ్బరును గిల్లి చూశాడు; పొడిగా రాలింది. కడ్డీ పడవలోంచి బయటికి వచ్చే రంధ్రం దగ్గరి రబ్బరు ఎప్పుడో చివికిపోయింది. ఇన్నాళ్లూ లోపలికి నీళ్లు రాకుండా ఆపింది ఈ ఆల్చిప్పలే. వాటిని ఒక్కటి కూడా మిగల్చకుండా తనే ఊడదీశాడు.

"శోభా! ఎనుకకు తిప్పు!" చేతులు ఊపుతూ మోకాళ్ల లోతు నీళ్లలోకి పరిగెత్తాడు.

నడి ఏట్లో శోభ తిరిగి చూసింది. సాగనంపుతున్నాడనుకొని తనూ చెయ్యి ఊపింది. ఆమె కూర్చున్న వెనకభాగం నీళ్లలోకి కుంగుతుంటే, ఆమె వీపు వెనకాల పడవ ముందుభాగం మెల్లగా పైకి లేస్తోంది.