నయమైందన్న మాట

“వాంతులు తగ్గినయా, త్రివేణీ?” డాక్టరమ్మ అడిగింది.

“ఏడ తగ్గినయ్ మేడం? తాగిందంతా కక్కుతనే ఉన్నడు.”

పచ్చి అబద్ధం. త్రివేణికి అబద్ధమాడటం చేతకాదు. పైగా ఒళ్లో ఉన్న లక్ష్మణ్ కూడా ఆమె పక్షం వహించలేదు. బూరెల్లాంటి బుగ్గలేసుకుని, డాక్టరమ్మ మెడలోని గొట్టం కోసం చేతులు చాస్తూ కిలకిల నవ్వుతున్నాడు.

మొదటిసారి సూర్యాపేటలోని ఈ దవాఖానకు తెచ్చినప్పుడు వాడు ఎముకల గూడు. పాలు పట్టడం ఆలస్యం, వీపు వెనక్కి విరుచుకుని గుక్కపట్టేవాడు. తాగినవి తాగినట్టే బయటికొచ్చేవి. దిష్టి తగిలిందన్నారు కొందరు. పాలు పడట్లేదన్నారు ఇంకొందరు. డాక్టరమ్మ మాత్రం బరువు చూసి, తన ముందే పాలు పట్టించి, గుట్టు పట్టేసింది.

“అన్నం దిగే గొట్టం కింద మూత ఇంకా గట్టిపడలే. కడుపుల పులుపు పైకి ఎగదన్నుతున్నది. పాలు జరంత జరంత పట్టు. తాగినంక భుజాన నిలువుగ ఎత్తుకో. చుక్కల మందు మరువకు.”

త్రివేణి ఎత్తుకుంది. చెయ్యి తిమ్మిరెక్కినా దించలేదు. కక్కితే చీర మార్చుకుంది తప్ప ముఖం చిట్లించలేదు. వాడు ఒళ్లు చేస్తుంటే కనబడ్డవాళ్లందరికీ చూపించుకుని మురిసిపోయింది.

ఇప్పుడా ఒళ్లు చేయడమే ఆమె కొంప ముంచుతోంది. బాగైందని డాక్టరమ్మ ఒక్క మాటంటే చాలు, వాళ్లు వాడిని తీసుకుపోతారు. పొద్దున్నే వచ్చి బయట కారులో కూర్చున్నారు. వాళ్లకు ఇల్లుంది, వాకిలుంది. చట్టం కూడా వాళ్ల దిక్కే. త్రివేణికి వాడు తప్ప ఇంకేముంది?

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

“మందు ఏస్తున్నా తగ్గలేదంటే హైదరాబాద్ పంపాలె. ముక్కుల నుంచి సన్నటి గొట్టం దించుతరు. పులుపు ఎంత పైకొస్తున్నదో రోజంతా చూస్తరు.”

“బాబు ఏడుస్తడా మేడం?”

“ఏడ్వడా మరి? పసివాడాయె.”

త్రివేణి వాడి ముక్కు వైపు చూసింది. చిక్కుడు గింజంత ముక్కు. ఇక ఆమె వల్ల కాలేదు.

“వద్దు మేడం! తగ్గినయ్. ఎన్నడో తగ్గినయ్. ఆ మాట చెప్పనీకె నాకే నోరు రాలే.”

డాక్టరమ్మ తిట్టలేదు. కిటికీలోంచి కారు వైపు ఒకసారి చూసి, త్రివేణి చేతిమీద చెయ్యి వేసింది. బాబును తూకమెక్కించింది.

“బరువు మంచిగ పెరిగిండు. ఇగ మందు బందు పెడదాం. వీనికేం ఫికర్ లేదు.”

త్రివేణి వాడి మెడలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాడికది ఆటలా ఉంది. ఆమె జుట్టు పట్టి గుంజాడు.

కొంగుతో కళ్లు తుడుచుకుని బయటికి నడిచింది శిశుగృహ ఆయా త్రివేణి; వాడిని దత్తత తీసుకుని, కారు దిగి వస్తున్న ఆ దంపతుల చేతుల్లో వాడిని పెట్టి, “సూడు బిడ్డా, మీ అమ్మానాయిన వచ్చిండ్రు” అంది.