అంటుకున్న మాట

నిజం చెప్పాలంటే, కొబినా క్వాన్సా మాస్టారికి భార్య మీద ఏనాడూ అనుమానం కలగలేదు. ఆ మంగళవారం భోజనాల దాకా.

అరబా మొక్కజొన్న కెంకే ముద్ద మీది ఆకు విప్పుతూ, "నిజం చెప్పాలంటే, ఈ చేపలో ఉప్పు తక్కువైంది" అంది. అన్నది ఇంగ్లీషులోనే. ఆ ఇంట్లో సొంత భాష ఫాంటీ మాట్లాడేది మేకల్ని అదిలించడానికి మాత్రమే.

మాస్టారి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

ఆయన ఇంగ్లీషంటే సాల్ట్‌పాండ్ ఊరందరికీ హడలు. జనం అరగదీసిన మాటలు ముప్పై ఏడు ఏరి, ఆ జాబితా క్లాసు తలుపుకి అంటించాడు. "వస్తున్నా" అంటూ బయటికి నడిచేవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, వస్తున్నావో పోతున్నావో ముందు తేల్చుకోమనేవాడు. ఆయన నోరు విప్పితే చాలు, వెనక బెంచీలవాళ్ళు తలలు వంచుకుని పుస్తకాల్లో ఏదో ఒకటి గీసుకుంటూనే ఉండేవారు. అంత శ్రద్ధ ఇంకే మాస్టారి క్లాసులోనూ కనిపించేది కాదు.

జాబితాలో మొట్టమొదటిది ఈ "నిజం చెప్పాలంటే". అంటే అంతవరకూ చెప్పినవన్నీ అబద్ధాలనేగా?

పాతికేళ్ళ కాపురంలో అరబా నోట ఆ మాట రాలేదు. ఇలాంటివి గజ్జిలాంటివి, పక్కన కూర్చున్నవాళ్ళ నుంచే అంటుకుంటాయి. మరి ఈవిడ ఎవరి పక్కన కూర్చుంటోంది?

"ఎక్కడ పట్టుకొచ్చావే ఆ మాట?" అన్నాడు.

"ఏ మాట?" అని అరబా నవ్వేసింది. ఆ నవ్వు ఆయనకి బొత్తిగా నచ్చలేదు.

మర్నాటి నుంచి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. శనివారానికి తొమ్మిదిసార్లు. మంగళవారం, గురువారం చర్చి పాటల సాధనకి వెళ్ళొచ్చాకే ఎక్కువ. మూడు నెలలుగా వెళుతోంది. మూడు నెలలుగానే ఉన్నవాటిలో మంచి బట్ట కడుతోంది.

పాట నేర్పేవాడు ఎసిల్ఫీ. నిజం చెప్పాలంటే, అందగాడే. ఇస్త్రీ చొక్కా, గంటలాంటి గొంతు. దారిలో ఎదురైతే టోపీ తీసి, నడుం వంచి పలకరించేవాడు. దొంగ వినయం అనుకున్నాడు మాస్టారు. వాడు తన ముందు అంతలా వంగడం దేనికి? అసూయ ఆయన్ని నిద్రపోనివ్వలేదు, తిండి తిననివ్వలేదు. వాడే అని తేలితే ఆవిడ పెట్టె సర్దించి అనోమాబులో పుట్టింటికి పంపేయాలని తీర్మానించుకున్నాడు.

గురువారం సాయంత్రం చర్చి కిటికీ కింద నక్కాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, మెడలో టై, పొదల్లో చీమలు.

పాట ఆగింది. "నిజం చెప్పాలంటే..." అని ఎసిల్ఫీ గొంతు సాగదీసింది. అంతే, లోపల అందరూ గొల్లుమన్నారు. అందరికంటే పైన వినిపించింది అరబా నవ్వు.

తన మాటకి ఆవిడ అలా ఎన్నడూ నవ్వలేదు. ఆ ఒక్క ముక్కే ఆయన్ని నిలువునా కాల్చేసింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. మగవాళ్ళంతా నేల చూపులు చూశారు. అరబా పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నిజం చెప్పాలంటే ఎసిల్ఫీ, నా భార్యకి ఆ దిక్కుమాలిన మాట అంటించింది నువ్వే."

ఎసిల్ఫీ బడిపిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"క్షమించండి మాస్టారూ, ఇక్కడున్న మగవాళ్ళమందరం ఒకప్పుడు మీ వెనక బెంచీల్లో కూర్చుని, మీరు ఆ మాట అన్నప్పుడల్లా ఒక గీత గీసినవాళ్ళమే, గంటలో నలభై ఒకటి దాకా లెక్క తేలింది."